ఖర్చు ఆయనది, కేసు ఆమెది

2023 ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం బషీర్‌బాగ్‌లోని మా ఆఫీసుకు ఇద్దరు వచ్చారు. ముందు నడిచినాయన నా ఎదురు కుర్చీలో కూర్చున్నారు. వెనక వచ్చినావిడ చేతిసంచి ఒళ్లో పెట్టుకుని గోడవారగా ఉన్న బల్ల మీద సర్దుకున్నారు. పది నిమిషాలు ఆయనే మాట్లాడారు. స్థలం ఎంత, ఒప్పందం ఎప్పటిది, బిల్డరు ఎన్నిసార్లు మాట తప్పాడు, అన్నీ వేళ్ల మీద లెక్కపెట్టినట్టు చెప్పారు. క్లయింటు ఆయనే అనుకుని వకాల్తా తీసి పేరు అడిగాను. ఆయన బల్ల వైపు చెయ్యి చూపించారు.

"కేసు టీచరమ్మది. ఖర్చు నాది."

ఆ రెండు ముక్కల మధ్య ఎంత దూరం ఉందో తెలియడానికి నాకు పదహారు నెలలు పట్టింది. ఆ దూరం గురించే ఇది రాస్తున్నాను. టీచరమ్మ అనుమతి తీసుకున్నాను. అయినా ఈ కేసు నడిచింది కోర్టు బయట మధ్యవర్తి ముందు, అంటే ఆర్బిట్రేషన్‌లో; ఆ చట్టంలోని 42ఎ సెక్షన్ విచారణ వివరాలను గోప్యంగా ఉంచమంటుంది కనుక గుర్తుపట్టే వీలున్నవన్నీ మార్చాను. అంకెలూ కొంత మార్చాను, లెక్క మాత్రం తప్పకుండా చూశాను. సాక్ష్యంలో ఎవరు ఏమన్నారన్న జోలికి వెళ్లను.

చువ్వల మీద బట్టలు

ఆవిడ విశ్రాంత ఉపాధ్యాయురాలు. అప్పటికి వయసు 66. భర్త లేరు, కూతురు కరీంనగర్‌లో ఉంటుంది. నాగోలు దగ్గర 420 గజాల స్థలం, అందులో భర్త కట్టించిన ఇల్లు. 2017లో ఆ ఇల్లు కూల్చి అపార్ట్‌మెంటు కట్టడానికి ఒక బిల్డరు కంపెనీకి డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టరు చేసిచ్చారు. పది ఫ్లాట్లు, సగం ఆవిడకు, సగం బిల్డరుకు. గడువు 24 నెలలు, ఆపైన మరో ఆరు నెలల వెసులుబాటు. అంతవరకూ ఆవిడ ఉండే అద్దె ఇంటికి నెలకు 18 వేలు బిల్డరే ఇవ్వాలి. మన ఊళ్లో స్థలమున్న ప్రతి వీధిలోనూ ఉండే ఒప్పందమే.

మూడో స్లాబు పడ్డాక, 2019 చివర్లో పని ఆగింది. తర్వాత కరోనా, ఆ తర్వాత సాకులు. అద్దె కూడా ఆగిపోయింది. నేను చూడటానికి వెళ్లిన రోజున మూడో స్లాబు పైకి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. పక్కింటివాళ్లు వాటికి తాడు కట్టి బట్టలు ఆరేసుకున్నారు. "కనీసం వాళ్లకైనా పనికొచ్చింది" అన్నారు టీచరమ్మ.

ఒప్పందంలో ఆర్బిట్రేషన్ షరతు ఉంది. సెక్షన్ 11 కింద ఆవిడ వేసుకున్న అర్జీపై హైకోర్టు ఒక విశ్రాంత న్యాయమూర్తిని ఏకైక ఆర్బిట్రేటరుగా నియమించింది. అంతవరకూ పాత వకీలు నడిపారు. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చింది. క్లెయిము 2 కోట్ల 40 లక్షలు. చట్టంలోని నాలుగో షెడ్యూలు లెక్కన కోటి నుంచి పది కోట్ల దాకా క్లెయిముకు ఆర్బిట్రేటరు ఫీజు 3,37,500 రూపాయలు, కోటి దాటిన మొత్తం మీద ఒక శాతం అదనం. అంటే 4,77,500. ఆర్బిట్రేటరు ఒక్కరే అయితే దానిపై మరో 25 శాతం. మొత్తం 5,96,875 రూపాయలు. ఇరుపక్షాలూ చెరిసగం పెట్టుకోవాలి. బిల్డరు తన సగం కట్టనన్నాడు. సెక్షన్ 38 ప్రకారం ఒకరు కట్టకపోతే రెండోవారు ఆ వాటా కూడా కట్టవచ్చు. అలా కూడా కట్టకపోతే ఆ క్లెయిము విచారణ ఆపేసే, మూసేసే అధికారం ఆర్బిట్రేటరుకు ఉంది.

అంటే పని ఆపినవాడు చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు, నష్టపోయినావిడ ఇద్దరి ఫీజూ కట్టి తన కేసును తానే బతికించుకోవాలి. దీనికి ఇంజనీరు నివేదిక ఖర్చు, టైపిస్టు ఖర్చు, నా ఫీజు కలపండి. ఆవిడకున్నది పింఛను, అందులోంచి ఇంటద్దె. ఎవరైనా ధనవంతుడు ఆ ఖర్చు పెట్టుకుంటానంటే తప్పేమిటని అడిగేవారికి నా మొదటి జవాబు సూటిగా ఉంటుంది: ఏమీ లేదు. ఆ డబ్బు రాకపోతే ఈ కేసే లేదు.

రూపాయి వద్దన్న మనిషి

అయితే ఆయన ఎందుకు పెడుతున్నట్టు? ఆ మాటే అడిగాను. దాచలేదు. ఒకప్పుడు ఆ బిల్డరుకు ఆయన భాగస్వామి. కొంపల్లి వైపు ఒక వెంచరులో లెక్కలు తేడా వచ్చి విడిపోయారు. "వాడిని రోడ్డు మీదికి తేవాలి. గెలిచాక వచ్చేదాంట్లో నాకు ఒక్క రూపాయి వద్దు. టీచరమ్మే తీసుకోనివ్వండి." ఇక్కడ ఆయన్ని పెద్దమనిషి అనే పిలుస్తాను.

రూపాయి వద్దన్నందుకు ఆవిడ కళ్లలో ఆయన దేవుడు. నాకు మాత్రం అక్కడే అనుమానం మొదలైంది. వాటా అడిగేవాడి లెక్క అర్థమవుతుంది. అతనికి లాభం గిట్టుబాటయ్యే రోజున రాజీకి సరే అంటాడు, ఒక్కోసారి క్లయింటు కన్నా ముందే. పగ కోసం ఖర్చు పెట్టేవాడికి రాజీ అంటేనే నష్టం. అతని లాభమంతా యుద్ధం సాగడంలో ఉంది.

అమెరికాలో జరిగిన ఒక వ్యవహారం అప్పుడు గుర్తుకొచ్చింది. పీటర్ థీల్ అనే కోటీశ్వరుడు స్వలింగ సంపర్కుడని 2007లో గాకర్ అనే మీడియా సంస్థ బ్లాగు బయటపెట్టింది. ఆయన ఏళ్ల తరబడి ఓపిక పట్టాడు. అదే సంస్థ మల్లయోధుడు హల్క్ హోగన్ పడకగది వీడియోను ప్రచురించినప్పుడు, హోగన్ వేసిన దావాకు రహస్యంగా డబ్బు పెట్టాడు. 2016 మార్చిలో ఫ్లోరిడా జ్యూరీ 14 కోట్ల డాలర్లు ఇవ్వమంది. గాకర్ దివాలా తీసింది. చివరికి 3 కోట్ల 10 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. తాను దాదాపు కోటి డాలర్లు ఖర్చు పెట్టానని థీల్ చెప్పుకున్నాడు. ఆ కేసులో నన్ను ఆపిన విషయం ఒకటుంది. గాకర్ బీమా కంపెనీ నుంచి డబ్బు రాబట్టగల ఒక అభియోగాన్ని హోగన్ పక్షం మధ్యలో వదులుకుంది. సొమ్ము కావలసిన ఫిర్యాది సాధారణంగా ఆ పని చేయడు. హోగన్‌కు జరిగిన అన్యాయం నిజమే. ఆ నిర్ణయం ఎవరికోసం తీసుకున్నారన్న సందేహం కూడా నిజమే.

డబ్బున్నవాడు ఇతరుల దావాకు సాయపడటమే పాపమనేవాళ్ల వాదనా నాకు మింగుడుపడదు. నల్లజాతివారి హక్కుల కోసం ఎన్‌ఏఏసీపీ సంస్థ దాతల సొమ్ముతో కేసులు నడిపితే, దావాలు పురిగొల్పుతోందంటూ వర్జీనియా రాష్ట్రం చట్టం ప్రయోగించింది. 1963లో అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఆ సంస్థ మీద చెల్లనివ్వలేదు. ఇతరుల సొమ్ము లేకపోతే ఆ కేసులు కోర్టు మెట్లు ఎక్కేవే కావు.

మన చట్టం ఈ విషయంలో ఇంగ్లండు కన్నా ముందే ఉదారంగా ఉంది. ఇతరుల దావాకు డబ్బు పెట్టి వాటా తీసుకోవడం ఇంగ్లండులో 1967 దాకా నేరం. మనకు ఆ నియమం వర్తించదని, అప్పట్లో మన పై కోర్టయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ 1876లోనే, రామ్‌కుమార్ కుందూ కేసులో చెప్పింది. డబ్బు ఇచ్చి వాటా తీసుకునే ఒప్పందం నిజాయితీగా ఉంటే చెల్లుతుందనీ, దోపిడీలా ఉన్నా దుర్బుద్ధితో దావా రేపడానికి చేసుకున్నా చెల్లదనీ గీత గీసింది. మూడో మనిషి డబ్బు పెట్టడానికి అడ్డు కనిపించడం లేదని 2018లో బార్ కౌన్సిల్, ఎ.కె.బాలాజీ కేసులో సుప్రీంకోర్టు కూడా అన్నది. అడ్డున్నది మాకు, వకీళ్లకు. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ 20వ నియమం. క్లయింటు లేదా ఆయన అధీకృత ప్రతినిధి చెప్పింది తప్ప వేరెవరి ఆదేశాల మీదా నడుచుకోకూడదని 19వ నియమం. మొదటి నియమం ప్రతి వకీలుకూ కంఠతా వస్తుంది. రెండోది, ఫీజు చెక్కు మీద వేరొకరి సంతకం కనబడిన రోజున కాస్త మసకబారుతుంది. నా అనుభవమే చెబుతున్నాను.

మన ఊరికి ఈ వ్యవహారం కొత్తదీ కాదు. నిజాం కాలపు నవాబు ఖుర్షీద్ జా పాయిగా (జాగీరు) ఆస్తుల పంపకాల దావా హైకోర్టులో 1958 సి.ఎస్. 7గా నమోదైంది. దాని తాలూకు హైదర్‌నగర్ భూముల తగాదా మీద సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పింది. వేసినవాళ్లు పోయినా, వారసుల దగ్గర హక్కులు కొనుక్కున్నవాళ్లు దావాను నడుపుతూనే వచ్చారు. హైదరాబాదు భూముల కేసుల్లో ఫిర్యాది పేరు ఒకరిది, ఫైలు చంకలో పెట్టుకుని తిరిగేది మరొకరు అన్న సంగతి ఏ కోర్టు గుమస్తానడిగినా చెబుతాడు.

నాలుగో పేరా

మా దగ్గరికి వచ్చేసరికే వాళ్లిద్దరి మధ్య ఒక ఒప్పందం ఉంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, పెద్దమనిషి వకీలు రాసింది. నోటరీ ముద్ర కూడా పడింది. నాలుగో పేరా ఇలా ఉంది: "రెండవ పక్షము వారి లిఖితపూర్వక సమ్మతి లేనిదే మొదటి పక్షము వారు ఎటువంటి రాజీయు చేసికొనరాదు. చేసికొనిన యెడల అంతవరకైన ఖర్చు మొత్తమును నూటికి 24 వంతున వడ్డీతో చెల్లించవలెను."

"ఇది చదివారా అమ్మా?" అని అడిగాను.

"చదివాను బాబూ. రాజీకి వాడొస్తే కదా అనుకున్నాను."

పెద్దమనిషిని కాసేపు బయట కూర్చోమన్నాను. ఆయనకు నచ్చలేదు. కానీ లేచారు. అప్పుడు టీచరమ్మ వచ్చి ఎదురు కుర్చీలో కూర్చున్నారు.

పాత కాగితం రద్దు చేయిస్తేనే కేసు తీసుకుంటానన్నాను. కొత్త ముసాయిదాలో డబ్బు నేరుగా నాకు రాదు. టీచరమ్మ ఖాతాలో పడుతుంది, నాకు ఆవిడే చెక్కు ఇస్తారు. ఆర్బిట్రేటరు ఫీజు మొత్తం ముందే జమ చేయాలి, ఎందుకంటే మధ్యలో కోపమొచ్చి చెయ్యి తీసేస్తే మునిగేది ఆవిడే. ఓడిపోతే సెక్షన్ 31ఎ కింద అవతలి వారి ఖర్చులు మన మీద పడవచ్చు, వాటినీ ఆయనే భరించాలి. విచారణ కాగితాలు ఆయనకు ఇవ్వం. సంతకానికి ముందు మాకు సంబంధం లేని వేరే వకీలుకు ఆవిడ ఈ ఒప్పందం చూపించుకోవాలి. ఎల్‌బీ నగర్‌లో ఒక మిత్రుడు రూపాయి తీసుకోకుండా చూసిపెట్టారు. ఇక రాజీ సంగతి: "మొదటి పక్షము వారు రెండవ పక్షము వారికి తెలియజేసి తమ ఇష్టానుసారము రాజీ చేసికొనవచ్చును."

ఆయన వకీలు దాన్ని దిద్ది పంపారు. అన్నీ ఒప్పుకున్నారు. రాజీ పేరాలో మాత్రం "తెలియజేసి" కొట్టేసి "సంప్రదించి" అని రాశారు. సాయంత్రం ఏడింటికి, మరో కేసు అఫిడవిట్ల మధ్యలో చూశాను. ఖర్చు భరించడానికి ఒప్పుకున్నాడు, ఒక మాట దగ్గర పట్టుబట్టడం ఎందుకనుకుని వదిలేశాను. ఈ కేసులో నా తప్పులు రెండు. ఇది మొదటిది.

చెప్పాలా, వద్దా

మొదటి సిట్టింగులోనే మూడో మనిషి ఉన్న సంగతి ఆర్బిట్రేటరుకు రాతపూర్వకంగా చెప్పాం. మా జూనియరు వద్దంది. "మనంతట మనమే వాళ్ల చేతికి కర్ర ఇవ్వడం ఎందుకు సార్?" అంది. చెప్పి తీరాలని చట్టంలో సూటిగా రాసి లేదు నిజమే. కానీ ఆర్బిట్రేటరు తనకు ఎవరితో ఏ సంబంధమున్నా సెక్షన్ 12 కింద బయటపెట్టాలి. ఎవరున్నారో తెలియకపోతే ఆయన ఏమని బయటపెడతారు? రేపు ఆ పెద్దమనిషీ ఈ జడ్జిగారూ ఒకే కాలనీ సంఘంలో ఉన్నారని తేలితే అవార్డు మీదే, అంటే ఆయన ఇచ్చే తీర్పు మీదే మచ్చ పడుతుంది.

జూనియరు అన్నట్టే అయింది. బిల్డరు పక్షం వెంటనే అర్జీ వేసింది. డబ్బు పెట్టేవాడిని కూడా పార్టీగా చేర్చండి, లేదా మా ఖర్చులకు హామీ ఇప్పించండి అని. రెండు సిట్టింగులు దీనికే పోయాయి. మా అదృష్టం కొద్దీ 2023 మే 29న ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం టుమారో సేల్స్ ఏజెన్సీ కేసులో తీర్పు ఇచ్చింది. ఆర్బిట్రేషన్‌లో పార్టీ కాని ఫండరు (డబ్బు పెట్టినవాడు) మీద ఖర్చుల భారం మోపలేమని, న్యాయం అందుబాటులోకి రావడానికి ఇలాంటి నిధులు అవసరమని చెప్పింది. మన హైకోర్టును కట్టడి చేసే తీర్పు కాకపోయినా ఆర్బిట్రేటరు అందులోని తర్కాన్ని ఒప్పుకుని అర్జీ కొట్టేశారు.

గెలిచినందుకు సంతోషించాను కానీ ఆ తీర్పు నాకు పూర్తిగా నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. 1876లో రామ్‌కుమార్ అడిగిందీ అదే. తనపై ఓడిపోయిన దావాకు డబ్బు పెట్టినవాడు తన ఖర్చులు ఇవ్వాలన్నాడు, ప్రీవీ కౌన్సిల్ కాదంది. 147 ఏళ్ల తర్వాతా జవాబు మారలేదు. డబ్బు పెట్టి కేసు నడిపించినవాడు ఓడిన రోజున చెయ్యి దులుపుకుని పోవచ్చంటే అవతలివాడికి అది న్యాయమెలా అవుతుంది? ఇంగ్లండులో 2005 నాటి ఆర్కిన్ కేసు నుంచి ఫండరు కనీసం తాను పెట్టినంత మేరకైనా ఎదుటివారి ఖర్చులకు బాధ్యుడు కావచ్చు. మహారాష్ట్ర, గుజరాత్ వంటి రాష్ట్రాలు సివిల్ ప్రొసీజర్ కోడ్‌ను సవరించుకుని, దావాకు డబ్బు పెట్టేవాడిని పార్టీగా చేర్చే వీలు కోర్టుకు ఇచ్చాయి. అది నాకు సబబుగా తోస్తుంది.

రెండో తప్పు ఈ దశలోనే జరిగింది. పాత భాగస్వామి కనుక బిల్డరు లెక్కల గుట్టు పెద్దమనిషికి తెలుసు. వాళ్ల జవాబు ఒక్కసారి చూపిస్తే ఏ పద్దు అబద్ధమో చెబుతానన్నారు. మా ఆఫీసు నుంచి వాట్సాప్‌లో వెళ్లింది. పంపింది జూనియరు, సరేనన్నది నేను. ఆయన చెప్పినవి ఎంతో పనికొచ్చాయి, క్రాస్ ఎగ్జామినేషన్ దిశే మారింది. అందుకే ఇంకా గుచ్చుకుంటుంది. 42ఎ సెక్షన్‌ను పక్కనపెట్టి, నేనే రాసిన ఒప్పందాన్ని నేనే దాటాను. పైగా క్లయింటుతో మా మాటలకున్న గోప్యత ఆయనకు పంపిన కాగితాలకు దొరుకుతుందన్న భరోసా లేదు. మర్నాడు టీచరమ్మకు చెప్పాను. "మీకు తెలియనిదేముంది బాబూ" అన్నారు. ఆ మాట వినడం తిట్టు తినడం కన్నా కష్టం.

రాజీ

2024 జూలైలో, వాదనలు మొదలుకాబోతుండగా బిల్డరు దిగివచ్చాడు. నాలుగు ఫ్లాట్లు ఎనిమిది నెలల్లో పూర్తి చేస్తాడు, ఐదోదాని బదులు 38 లక్షలు ఇస్తాడు. పని ఖర్చుకు డబ్బు విడిగా ఒక ఖాతాలో వేస్తాడు, ఇంజనీరు సర్టిఫికెట్ ఇచ్చినప్పుడల్లా అందులోంచి విడుదల అవుతుంది.

కాగితం మీద మా క్లెయిము కన్నా తక్కువే. కానీ అవార్డు వస్తే దాన్ని కొట్టేయమని కోర్టులో సెక్షన్ 34 సవాలు, ఆపైన అప్పీలు, ఆపైన అమలు. అన్నిటికన్నా భయం వేరే ఉంది. బిల్డరుది కంపెనీ. ఏ బ్యాంకో దాన్ని దివాలా చట్టం కింద ట్రైబ్యునల్‌కు లాగితే సెక్షన్ 14 మారటోరియం, అంటే వసూళ్లకు అడ్డుకట్ట వస్తుంది, మా అవార్డు అమలు అక్కడే ఆగిపోతుంది. ఆవిడ పెద్ద పెద్ద బ్యాంకుల మధ్య తన వంతు కోసం నిలబడాలి.

పెద్దమనిషికి కావలసింది అచ్చంగా అదే. "ఇంకో ఆరు నెలలు ఓపిక పట్టండి. అవార్డు వస్తే బ్యాంకులు వాడిని మింగేస్తాయి" అన్నారు ఫోన్లో, సంబరంగా. ఆయన గెలుపూ ఆవిడ నష్టమూ ఒకే రోజున రాబోతున్నాయని ఆయనకు తట్టలేదో, తట్టినా పట్టలేదో చెప్పలేను. చెడ్డవాడని మాత్రం అనను. పదహారు నెలల్లో ఒక్క చెల్లింపు ఆలస్యం చేయలేదు.

రాజీకి వెళ్తున్నామని రాతపూర్వకంగా తెలియజేశాం. మూడో రోజున నోటీసు వచ్చింది. తనను "సంప్రదించ"లేదు, కేవలం తెలియజేశారు, కనుక ఒప్పంద ఉల్లంఘన జరిగింది, పెట్టిన 11 లక్షల 20 వేలూ తిరిగి ఇవ్వాలి అని. నేను సాయంత్రం ఏడింటికి వదిలేసిన మాట అలా తిరిగివచ్చింది.

చట్టప్రకారం పోరాడవచ్చు. సంప్రదించడమంటే సమ్మతి తీసుకోవడం కాదని వాదించవచ్చు. రాజీ చేసుకునే హక్కును కట్టేసే షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 కింద ప్రజా విధానానికి విరుద్ధమనీ వాదించవచ్చు. టీచరమ్మకు ఇదంతా వివరించాను. ఆవిడ వినలేదు. "ఆయన్ని పిలవండి. సంప్రదించమన్నారుగా, సంప్రదిస్తాను" అన్నారు.

ఈసారి ఎదురు కుర్చీలో ఆవిడ కూర్చున్నారు. ఆయన పక్క కుర్చీలో. ఆవిడ నా వైపు చూడకుండా ఆయనతోనే మాట్లాడారు. "అన్నయ్యా, మీరు లేకపోతే నాకీ రోజు లేదు. కానీ నాకు 67 నిండాయి. నాకు ఇల్లు కావాలి. వాడు రోడ్డు మీదికి రావడం నాకక్కర్లేదు, నేను రోడ్డు మీద ఉండకపోతే చాలు. వచ్చే 38 లక్షల్లోంచి మీ డబ్బు మీకిచ్చేస్తాను."

ఆయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. వడ్డీ మాట ఎత్తలేదు. అసలు మాత్రం తీసుకుంటానన్నారు. చెక్కు ఆగస్టు చివర్లో వెళ్లింది, ఆయన నగదు చేసుకున్నారు కూడా. దానమని వచ్చిన డబ్బు అప్పుగా మారిపోయింది. ఆవిడకు చివరికి మిగిలింది 38 లక్షలు కాదు, 26 లక్షల 80 వేలు. నేను ఆ ఒక్క మాట దిద్ది ఉంటే ఆయన ఆ డబ్బు అడగడానికి దారే ఉండేది కాదు. ఆ సంగతి ఆవిడకు చెప్పి, మా ఫీజులో చివరి విడత వదులుకున్నాను. అది ఆ నష్టానికి సమానమేమీ కాదు.

రాజీ షరతుల మీద సెక్షన్ 30 కింద అవార్డు వచ్చింది. అది డిక్రీ లాగే అమలవుతుంది. నాలుగు ఫ్లాట్లు ఎనిమిది నెలలన్నది పదకొండయ్యాయి. రెండో అంతస్తులో ఒకదాంట్లో ఆవిడ ఉంటున్నారు, మూడు అద్దెకిచ్చారు.

మొన్నీమధ్య మేడ్చల్ వైపు ప్రాక్టీసు చేసే ఒక యువ వకీలు ఫోన్ చేశారు. అదే బిల్డరు మీద మరో స్థలం యజమాని కేసు. ఖర్చు పెడుతున్నది మన పెద్దమనిషే. మా ఒప్పందం నమూనా పంపమని ఆయనే చెప్పారట. టీచరమ్మను అడిగి, పేర్లు తీసేసి పంపాను. రాజీ పేరాలో "సంప్రదించి" కొట్టేసి, పైన "తెలియజేసి" అని రాసి, కింద గీత గీశాను.

గంటలో మళ్లీ ఫోను. "సార్, రెండిటికీ తేడా ఏముంది?"

సాయంత్రం ఆఫీసుకు రమ్మన్నాను.